పక్కింటి పాఠకుడు: స్త్రీలపై హింస వార్తలు రాయడం జర్నలిజం విద్యార్థులకు ఎలా నేర్పాలి

జర్నలిజం కోర్సుల్లో ఈ అంశానికి సాధారణంగా ఒక గంట దొరుకుతుంది. అదీ మీడియా చట్టాల పేపరు చివర్లో, పరీక్షలు దగ్గరపడ్డాక. ‘అత్యాచార బాధితురాలి పేరు రాయకూడదు’ అని చెప్పి, సెక్షన్ నంబరు బోర్డు మీద రాసి అధ్యాపకులు చేతులు దులుపుకుంటారు. ఆరు నెలల తర్వాత అదే విద్యార్థి డెస్కులో కూర్చుని పేరొక్కటి తీసేసి ఆమె ఊరు, చదివే కాలేజీ, ఉండే హాస్టలు, తండ్రి ఉద్యోగం అన్నీ రాసేస్తాడు. నియమం పాటించాననే నమ్మకంతోనే రాస్తాడు.

చెన్నైలో తెలుగు విద్యార్థులకు మీరు ఈ పాఠం చెప్పబోతున్నట్లయితే వారానికి రెండు తరగతుల చొప్పున ఆరు వారాలు అడగండి. నాలుగు వారాలే ఇస్తే ఆరో మెట్టయిన అంకెల పాఠాన్ని కుదించండి, గుర్తింపు దాచడం నేర్పే మూడో మెట్టును మాత్రం కుదించకండి. మీ ముందు కూర్చునేవాళ్లలో పెరంబూరులోనో షావుకారుపేటలోనో పుట్టి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్లు కొందరు, నెల్లూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చి వారాంతంలో సూళ్లూరుపేట లోకల్ ఎక్కేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లు రేపు రాసే వార్త చెన్నైలో జరిగిందే కావచ్చు, అచ్చయ్యేది మాత్రం జిల్లా పేజీలో. దాన్ని చదివేవాళ్లలో బాధితురాలి వీధి చివరి కిరాణా కొట్టాయన ఉంటాడు, పిన్ని తోడికోడలు ఉంటుంది, పదో తరగతిలో ఆమె పక్కన కూర్చున్న పిల్ల ఉంటుంది. నేర్పవలసిందల్లా ఆ పాఠకులను మనసులో పెట్టుకుని రాయడం. మిగతావన్నీ దాని వెంట వస్తాయి.

1. పాఠానికి ముందు తరగతిని సిద్ధం చేయండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం, 18–49 ఏళ్ల మధ్య పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నవారు తమిళనాడులో 38.1 శాతం, తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. కాబట్టి మీ తరగతిలో ఈ హింసను ఇంట్లో చూస్తూ పెరిగినవాళ్లు, తామే ఎదుర్కొన్నవాళ్లు తప్పకుండా ఉంటారని అనుకునే మొదలుపెట్టండి. ఎవరో కనుక్కునే ప్రయత్నం మాత్రం చేయకండి.

ఏ రోజు ఏ అంశం వస్తుందో వారం ముందే నోటీసు బోర్డులో పెట్టండి. తరగతి మధ్యలో లేచి వెళ్లవచ్చని, కారణం చెప్పనక్కర్లేదని, హాజరు పోదని మొదటి రోజే చెప్పండి. ‘మీ అనుభవం ఎవరైనా పంచుకుంటారా’ అని ఎప్పుడూ అడగవద్దు. కొందరు అధ్యాపకులు దీన్ని తరగతిలో ఆత్మీయత పెంచే ఉపాయం అనుకుంటారు. నా దృష్టిలో అది దౌర్జన్యమే. పదిమంది ముందు నోరు జారిన మాటను ఆ అమ్మాయి వెనక్కి తీసుకోలేదు, మిగిలిన రెండేళ్లూ ఆ పదిమంది మధ్యే చదవాలి.

తరగతి అయ్యాక ఒక విద్యార్థిని మీ గదికి వచ్చి ‘మీతో ఒకటి చెప్పాలి’ అంటే ఏం చేస్తారో ముందే ఆలోచించి పెట్టుకోండి. డిగ్రీ మొదటి సంవత్సరంలో పదిహేడేళ్ల పిల్లలు ఉంటారు. పద్దెనిమిది నిండనివారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పితీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రతి ఒక్కరినీ ఆదేశిస్తుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇచ్చి తర్వాత తప్పడం కన్నా, ఆమె నోరు విప్పకముందే ఈ సంగతి నెమ్మదిగా చెప్పి, ఏం చెప్పాలో ఎంత చెప్పాలో ఆమెకే వదిలేయడం మేలు. కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో మీకు పేరుపేరునా తెలిసి ఉండాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416 నంబర్లను గోడ మీద అతికించండి.

2. చట్టాన్ని ఒక్క కాగితం మీదికి తెండి

విద్యార్థులకు సెక్షన్లన్నీ కంఠస్థం కానక్కర్లేదు. డెస్కులో రాత్రి పదకొండింటికి తీసి చూసుకోవడానికి ఒక కాగితం ఉంటే చాలు. అందులో ఉండవలసినవి ఇవి.

భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్: అత్యాచారం, ఆ కోవలోకి వచ్చే నేరాల్లో బాధితురాలి గుర్తింపు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. 2024 జూలై 1కి ముందు ఇదే భారతీయ శిక్షాస్మృతి 228ఎ సెక్షన్‌గా ఉండేది. కోర్టు అనుమతి లేకుండా ఆ కేసుల విచారణ వివరాలు ప్రచురించడాన్ని 73వ సెక్షన్ నిషేధిస్తుంది. పోక్సో 23వ సెక్షన్: బాలల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే ప్రాంతం, గుర్తుపట్టడానికి తోడ్పడే ఏ వివరమైనా రాయకూడదు. రాస్తే విలేకరితోపాటు ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులే. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్: నేరం చేశాడన్న ఆరోపణ ఉన్న బాలుడి గుర్తింపునూ కాపాడాలి. ఇది చాలామంది మరిచిపోతారు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం (2013) 16వ సెక్షన్: కమిటీకి వచ్చిన ఫిర్యాదులోని విషయాలు, ఇరుపక్షాల గుర్తింపు పత్రికలకు ఇవ్వకూడదు.

వీటికి తోడు 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పేరే కాదు, దూరాన్నుంచైనా ఆమెను గుర్తుపట్టించే ఏ వివరమూ రాయకూడదని, బాధితురాలు చనిపోయినా ఇదే వర్తిస్తుందని కోర్టు చెప్పింది. ‘చనిపోయింది కదా, తల్లిదండ్రులే ఫొటో ఇచ్చారు’ అనే డెస్కు వాదన దీనితో తేలిపోయింది.

‘పోలీసులే ఇచ్చారు కదా సార్’ అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు రెండు తమిళనాడు కేసులు చెప్పండి. 2019లో, యువతులపై లైంగిక దాడి చేసి వీడియోలు తీసి బెదిరించిన పొళ్లాచ్చి కేసు దర్యాప్తును సీబీఐకి మారుస్తూ ఇచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులోనే బాధితురాలి పేరు వచ్చేసింది. ఆమెకు 25 లక్షల రూపాయలు పరిహారం ఇమ్మని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించింది. 2024 డిసెంబరులో అన్నా విశ్వవిద్యాలయం ఆవరణలో విద్యార్థినిపై జరిగిన లైంగిక దాడి కేసులో ఎఫ్ఐఆర్ పోలీసు వెబ్‌సైటులోనే అందరికీ కనిపించింది. లైంగిక నేరాల్లాంటి సున్నితమైన కేసుల ఎఫ్ఐఆర్‌లను ఆన్‌లైన్‌లో పెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పినా అది జరిగింది. మళ్లీ హైకోర్టు 25 లక్షల మధ్యంతర పరిహారం ఇమ్మంది, ముగ్గురు మహిళా ఐపీఎస్ అధికారులతో ప్రత్యేక బృందాన్ని వేసింది. ఆ ఎఫ్ఐఆర్‌లోని భాష బాధితురాలినే తప్పుపట్టేలా ఉందని కూడా మందలించింది. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చేతికొచ్చినంత మాత్రాన అచ్చువేసే హక్కు రాదని ఈ రెండింటికన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు కనిపించలేదు.

గుర్తింపు దాచడం ఆమె రక్షణ కోసమే తప్ప ఆమెను మాయం చేయడానికి కాదని కూడా ఇక్కడే చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ తన పేరుతోనే మాట్లాడాలనుకుని రాతపూర్వకంగా అనుమతిస్తే చట్టం అడ్డు చెప్పదు. అలా ముందుకొచ్చిన మనిషిని ‘బాధితురాలు’గా కుదించే అధికారం డెస్కుకు లేదు.

3. ‘ఎవరు గుర్తుపడతారు’ ఆట ఆడించండి

పాఠానికి గుండెకాయ ఇదే. రెండు వారాలు కేటాయించండి. నిజమైన కేసు తీసుకోవద్దు. ఇలాంటి కల్పిత వార్త ఒకటి రాసి ఇవ్వండి:

‘నాయుడుపేట సమీప గ్రామానికి చెందిన పందొమ్మిదేళ్ల యువతి శోళింగనల్లూరులో హాస్టల్లో ఉంటూ బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి ఆర్టీసీలో కండక్టరు. సంక్రాంతి సెలవుల తర్వాత ఈ నెల 20న హాస్టలుకు తిరిగి వస్తుండగా, దింపుతానని కారులో ఎక్కించుకున్న మేనమామ కొడుకు ఆమెపై లైంగిక దాడికి పాల్పడినట్లు పోలీసులు తెలిపారు.’

పేరు లేదు కదా, చట్టబద్ధంగానే ఉందని కొందరు అంటారు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర ఇవ్వండి. ఒకరు హాస్టలు వార్డెన్, ఒకరు గదిలో కలిసి ఉండే అమ్మాయి, ఒకరు డిపోలో తండ్రితో పనిచేసే డ్రైవరు, ఒకరు ఊళ్లో పాలు పోసే ఆవిడ, ఒకరు హైదరాబాదులో ఏమీ తెలియని మనిషి. తాను ఆమెను గుర్తుపట్టడానికి ఏ మాట సరిపోయిందో ఒక్కొక్కరూ ఎర్ర పెన్నుతో గీత గీయాలి. డ్రైవరుకు ‘కండక్టరు’, ‘బీటెక్’ చాలు. గదిలో అమ్మాయికి తేదీ ఒక్కటే చాలు. పాల ఆవిడకు మేనమామ కొడుకు కారు తెలుసు. హైదరాబాదు మనిషి ఒక్కడే ఎవరినీ గుర్తుపట్టలేదు. మన డెస్కులు ఇంతకాలం ఆ ఒక్కడినే దృష్టిలో పెట్టుకుని ‘పేరు గోప్యం’ అనుకుంటున్నాయి.

గీతలన్నీ పడ్డాక మిగిలేది ఇంతే: ‘చెన్నైలో చదువుతున్న ఒక విద్యార్థినిపై తెలిసిన వ్యక్తి లైంగిక దాడి చేశాడన్న ఫిర్యాదుపై పోలీసులు కేసు నమోదు చేశారు.’ వార్తలో ఏమీ మిగల్లేదని విద్యార్థులు గోలపెడతారు. పెట్టనివ్వండి. ఆ ఖాళీలో ఏం రాయవచ్చో అప్పుడు అడగండి. మొదట వెళ్లిన స్టేషన్లో ఫిర్యాదు తీసుకున్నారా, మా పరిధి కాదని పంపేశారా? ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది కదా. ఆమె వాంగ్మూలం మహిళా అధికారి నమోదు చేశారా? వైద్య పరీక్ష ఎన్ని గంటలకు జరిగింది? ఆమెకు గతంలో లైంగిక అనుభవం ఉందో లేదో తేల్చే పేరుతో చేసే, ఇప్పుడు నిషేధించిన రెండు వేళ్ల పరీక్ష చేయలేదని నిర్ధారించుకున్నారా? కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉందా? ఆమె గురించి రాసే చోటు తగ్గేకొద్దీ, ఆమెకు జవాబు చెప్పవలసిన వాళ్ల గురించి రాసే చోటు పెరుగుతుంది.

తర్వాతి తరగతిలో ఆటను పెంచండి. తరగతిని నాలుగు బృందాలు చేసి, మూడింటిని మూడు పత్రికలనుకోండి. ఒకే కల్పిత కేసు మీద మూడూ విడివిడిగా, జాగ్రత్తగానే రాయాలి, కానీ ఎవరికివారు రెండేసి వివరాలు ఉంచుకోవచ్చు. మూడింటినీ గోడకు అంటించి నాలుగో బృందాన్ని పిలవండి. ఒక పత్రికలో కాలేజీ, మరొకదానిలో మండలం, ఇంకొకదానిలో తండ్రి ఉద్యోగం కనబడగానే చిత్రం పూర్తవుతుంది. మనం ఒక్కరమే జాగ్రత్తగా ఉంటే చాలదని, అప్పటికే బయట ఏం వచ్చిందో చూసి మన వివరాలను ఇంకా తగ్గించుకోవాలని వాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది.

నిందితుడు తండ్రో, సవతి తండ్రో, మామో అయితే అతని పేరు రాయడమంటే ఆమె పేరు రాయడమే. ఇది విద్యార్థులు త్వరగానే పట్టుకుంటారు. పీటముడి పడేది చిన్న ఊళ్ల దగ్గర. 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లిలో కూంబింగుకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేస్తూ, దర్యాప్తు లోపాలను తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. అంత చిన్న పల్లె పేరు రాస్తే ఆ స్త్రీలను చూపించినట్లే. రాయకపోతే ఆరోపణ ఎదుర్కొంటున్న బలగాలకు మేలు చేసినట్లే. ఆ స్త్రీలు పదహారేళ్లు బహిరంగంగా పోరాడారు కూడా. దీనికి నా దగ్గర తయారు జవాబు లేదు. తరగతిని వాదించుకోనివ్వండి, మీరు తీర్పు చెప్పకండి. దళిత, ఆదివాసీ స్త్రీలపై దాడుల్లో కులం రాయకపోతే నేర స్వభావమే పోతుంది. అలాంటప్పుడు కులం ఉంచి, ఊరి నుంచి మండలానికో జిల్లాకో పైకి జరగడం ఒక మార్గం.

బొమ్మలను వదిలేయవద్దు. ముఖం మసకచేసి చీర రంగు, ఇంటి తలుపు, స్కూటరు నంబరు చూపించే విజువల్స్ మన చానళ్లలో కొల్లలు. గొంతు మార్చకుండా వదిలే బైట్లు ఇంకా ఎక్కువ. ఫొటో ఫైలుకు పెట్టిన పేరు, వార్త లింకులోని పదాలు, హ్యాష్‌ట్యాగు, యూట్యూబ్ థంబ్‌నెయిల్, కింద ‘ఆ అమ్మాయి మా వీధే’ అని ఎవరో పెట్టే వ్యాఖ్య, అన్నీ గుర్తింపులే. 2018లో జమ్మూ ప్రాంతంలోని కఠువాలో అత్యాచారానికి, హత్యకు గురైన బాలిక గుర్తింపు బయటపెట్టిన మీడియా సంస్థలు తలా పది లక్షలు కట్టాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు ఆమె పేరు దేశమంతా హ్యాష్‌ట్యాగుగా తిరిగాక, ‘దిశ’ అని పిలవమని పోలీసులు కోరారు. అప్పటికే ఆలస్యమైంది.

4. మాట్లాడించడం కన్నా ముందు, అడగాలా వద్దా అన్నది నేర్పండి

ఇంటర్వ్యూ పాఠం ‘ఆమెతో మాట్లాడకుండా ఈ వార్త రాయగలమా’ అనే ప్రశ్నతో మొదలుకావాలి. సగానికి పైగా వార్తలకు రాయగలం. లాయరు, కోర్టు పత్రాలు, ఆసుపత్రి అధికారి, స్వచ్ఛంద సంస్థ కార్యకర్త ఉంటారు. ఆమె చెప్పాలనుకుంటోందా, మనం రాబట్టాలనుకుంటున్నామా అన్నది తేడా.

అంగీకారం ఒక్క ‘ఊ’తో అయిపోదు. ఎక్కడ వస్తుంది, ఏ జిల్లా సంచికలో వస్తుంది, యూట్యూబులోనూ పెడతారా, వాట్సాప్‌లో తిరిగితే ఎవరూ ఆపలేరని వివరించాక అడగాలి. మాట్లాడటం అయ్యాక మళ్లీ అడగాలి. మర్నాడు ఫోన్ చేసి మూడోసారి అడగాలి, ఎందుకంటే రాత్రి ఇంట్లోవాళ్లతో మాట్లాడాక మనసు మారవచ్చు. అచ్చయ్యేలోపు ఎప్పుడు వద్దన్నా ఆపేస్తామని చెప్పాలి. ఆ మాట మీద నిలబడాలి.

ఆసుపత్రి మంచం పక్క ఇంటర్వ్యూ వద్దు. చెన్నైలో కాలిన గాయాల కేసులు ఎక్కువగా కీల్పాక్ వైద్య కళాశాల ఆసుపత్రికి వస్తాయి. అలాంటి వార్డుల్లో ‘స్టవ్ పేలింది’ అని చెప్పే స్త్రీ పక్కన భర్తో అత్తగారో నిలబడి ఉండటం మామూలే. విలేకరి అక్కడ మైకు పెడితే ఆ మాటే రికార్డవుతుంది, తర్వాత కేసులో ఆమెకే ఎదురు తిరుగుతుంది. ఆ ఆసుపత్రిలో కాలిన గాయాలైన స్త్రీలతో ఏళ్లుగా పనిచేస్తున్న పీసీవీసీ లాంటి సంస్థల కార్యకర్తను తరగతికి పిలవండి. బాధితురాలిని మాత్రం పిలవకండి.

చెన్నైలో ఇంకో చిక్కు. ఉత్తరాంధ్ర నుంచి భవన నిర్మాణ పనికి వచ్చిన స్త్రీకి తమిళం రాదు, స్టేషన్లో తెలుగు రాదు. మేస్త్రీ దుబాసీగా నిలబడతాడు. ఆ మేస్త్రీయే ఆమెకు కూలి ఇచ్చేవాడు, కొన్నిసార్లు నిందితుడికి చుట్టం కూడా. తెలుగు వచ్చిన మీ విద్యార్థికి ఇక్కడ ఒక మేలు చేసే అవకాశం ఉంది. ఆమెతో నేరుగా, మధ్యవర్తి లేకుండా మాట్లాడగలడు. కానీ పోలీసులకూ ఆమెకూ మధ్య దుబాసీ పాత్ర తాను తీసుకోకూడదు. తీసుకుంటే ఆ వార్త అతను రాయకూడదు.

ప్రశ్నల విషయానికొస్తే, ‘ఎందుకు వెళ్లారు’, ‘ఎందుకు అరవలేదు’, ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు’ అన్నవి పూర్తిగా తీసేయండి. ‘ఎక్కడి నుంచి చెప్పాలనిపిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి’ అంటే చాలు. ఆమె వరస తప్పి చెబుతుంది, కొన్ని గంటలు గుర్తుండవు, ఒక వాసనో గోడ గడియారమో మాత్రం స్పష్టంగా గుర్తుంటుంది. భయం పట్టుకున్న జ్ఞాపకం అలాగే ఉంటుంది. దాన్ని అబద్ధానికి సాక్ష్యంగా రాయకూడదు. ఇంకొకటి: మన విలేకరులు మహిళా అధికారిని ‘మేడమ్, మీరు’ అంటారు, పాచిపని చేసుకునే స్త్రీని చూడగానే ‘నువ్వు’లోకి దిగిపోతారు. ‘ఏమ్మా, నీ మొగుడు తాగుతాడా’ అని మొదలైన ఇంటర్వ్యూలో నిజం బయటికి రావడం కష్టం.

అభ్యాసానికి రోల్ ప్లే పెట్టవచ్చు, అయితే అంగీకారం అడిగే సంభాషణ వరకే. ఏ విద్యార్థినీ బాధితురాలిగా నటించమనవద్దు.

5. రాసేటప్పుడు క్రియ ఎవరిదో చూడమనండి

ఏదైనా వారం దినపత్రికలు తెచ్చి క్రైం వార్తల్లోని క్రియలకు గీతలు గీయించండి. ‘ఎస్సై తెలిపారు’, ‘డీసీపీ వివరించారు’, ‘యువతి వాపోయింది’, ‘మహిళ ఆరోపించింది’. అధికారికి గౌరవ బహువచనం, ఆమెకు ఏకవచనం. ఒకే వాక్యంలో ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. ‘ఆమె చెప్పారు, ఫిర్యాదు చేశారు’ అని రాయడానికి అదనంగా ఏ అనుమతీ అక్కర్లేదు. ‘ఒప్పుకుంది’, ‘వాపోయింది’ బదులు ‘చెప్పారు’ అంటే పోయేదేమీ లేదు.

తర్వాత శీర్షికలు. ‘యువతిపై దారుణం’లో చేసినవాడు లేడు. ‘ప్రేమను కాదన్నందుకు కత్తితో దాడి’లో అతనికి ఒక కారణం దొరికింది, ఆమెకు ఒక తప్పు దొరికింది. 2016లో నుంగంబాక్కం రైల్వే స్టేషన్లో ఒక యువతిని నరికి చంపినప్పుడు రోజుల తరబడి సాగిన చర్చంతా ఆమెకు అతను తెలుసా, ప్రేమా కాదా అన్నదాని చుట్టూనే తిరిగింది. వెంటపడటం 2013 నుంచి విడిగా ఒక నేరమన్నది ఆ హోరులో వినపడలేదు. ‘వెంటపడుతున్నాడని తెలిసినా ఆగని దాడి’ అని రాస్తే ప్రశ్న వ్యవస్థ వైపు తిరుగుతుంది. ‘వివాహేతర సంబంధమే కారణమా?’ అని ప్రశ్నార్థకం తగిలించి వదిలే శీర్షిక పిరికితనం తప్ప మరొకటి కాదు.

‘మృగాడు’, ‘కామాంధుడు’ అనే మాటలను విద్యార్థులు ఇష్టంగా వాడతారు. తాము ఆమె పక్షాన కోపంగా ఉన్నామనుకుంటారు. జాతీయ నేర గణాంకాల్లో ఏటా నమోదయ్యే అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు ఆమెకు తెలిసినవాళ్లే అని చెప్పి, ఈ మృగం ఎవరింటి మనిషో అడగండి. దిశ కేసును మళ్లీ ఇక్కడ తీయండి. 2019 డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు తెలుగు మీడియాలో చాలా భాగం పండగ చేసుకుంది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, వారిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఆ రోజు రాసిన శీర్షికలను ఇప్పుడు తరగతిలో చదివించండి. ‘నిందితుడు’ అని రాయవలసిన చోట ‘దోషి’ అని రాస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

దాడి ఎలా జరిగిందన్న వర్ణన నేరం ఏమిటో తెలియడానికి ఎంత అవసరమో అంతే. ఆత్మహత్య అయితే పద్ధతి రాయవద్దు, ఉత్తరం పూర్తి పాఠం వేయవద్దు, ఒకే కారణం అంటగట్టవద్దు. నాయకుడెవరైనా ‘ఆ సమయంలో బయటికెందుకు వెళ్లింది’ అంటే ఆ మాటను శీర్షిక చేయవద్దు. రాయక తప్పకపోతే పక్కనే చట్టం ఏమంటుందో రాయాలి.

6. అంకెలు, క్లుప్తంగా

2022లో దేశంలో స్త్రీలపై నేరాలుగా నమోదైన కేసులు 4,45,256. అందులో అత్యధికం, 31.4 శాతం, భర్త, అతని బంధువుల క్రూరత్వం కింద పెట్టినవి. అత్యాచార కేసులు ఏడు శాతం చిల్లర. మన పేజీల్లో నిష్పత్తి తలకిందులుగా ఉంటుంది. ఇవి నమోదైన కేసులే తప్ప జరిగిన సంఘటనలు కావు. కుటుంబ ఆరోగ్య సర్వేలో హింసను ఎదుర్కొన్న స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే. అంకె పెరిగితే హింస పెరిగిందో, స్టేషను తలుపు తెరుచుకుందో కనుక్కోకుండా శీర్షిక పెట్టవద్దని చెప్పండి. నిర్దోషిగా విడుదల కావడమంటే ఫిర్యాదు అబద్ధమని కాదని కూడా చెప్పండి.

7. ఒక్కొక్కరికి ఒక కేసు అప్పగించండి

మొదటి రోజు ఎగబడి రాసినవాళ్లు తీర్పు రోజు కనిపించరు. పొళ్లాచ్చి కేసు 2019లో బయటపడితే, తొమ్మిది మందికీ జీవిత ఖైదు పడింది 2025 మేలో. అన్నా విశ్వవిద్యాలయం కేసులో అయిదు నెలలు దాటగానే, 2025 జూన్‌లో, కనీసం 30 ఏళ్లు మినహాయింపు లేని జీవిత ఖైదు పడింది. ఎందుకు ఒకటి ఆరేళ్లు, మరొకటి ఆరు నెలలు అన్నదే మంచి కథనం, దానికి బాధితురాలి గడప తొక్కాల్సిన పనే లేదు. ప్రతి విద్యార్థీ ఒక పాత కేసు తీసుకుని చార్జిషీటు, వాయిదాలు, సాక్షులు ఎదురు తిరగడం, పరిహారం అందిందా లేదా అన్నవి సెమిస్టరంతా వెంబడించాలి. అత్యాచార కేసుల విచారణ రహస్యంగా జరుగుతుందని, లోపలికి వెళ్లే ప్రయత్నం చేయకూడదని ముందే చెప్పండి. తమిళనాడులో తొలి మహిళా పోలీసు స్టేషన్ 1992లో వచ్చింది మన చెన్నైలోనే, థౌజండ్ లైట్స్‌లో. అక్కడో, దగ్గర్లోని మరో మహిళా స్టేషన్లోనో ముందుగా అనుమతి తీసుకుని, ఫిర్యాదు ఏ మెట్లు ఎక్కుతుందో అధికారులతో చెప్పించండి. ఫిర్యాదుదారులు కూర్చునే వరండాలోకి విద్యార్థుల గుంపును తోలుకెళ్లవద్దు.

8. వదిలేసిన వివరాలకు మార్కులివ్వండి

ప్రతి వార్తతోపాటు ఒక చీటీ కూడా ఇమ్మనండి. తనకు తెలిసీ రాయని వివరాలేమిటి, ఎవరు గుర్తుపడతారని వదిలేశాడు, ఉంచినవాటిని ఎందుకు ఉంచాడు. సగం మార్కులు చీటీకే. చీటీ దిద్దాక మీరే చింపేయాలి. అది అందరి కంటా పడితే ఇంత శ్రమా వృథా.

విద్యార్థుల మీదా ఒక కన్నేసి ఉంచండి. వారాల తరబడి ఇవే కేసులు చదివితే నిద్ర చెడుతుంది. ఇద్దరిద్దరిని జతచేసి వారానికోసారి మాట్లాడుకోమనండి. కేసుకు సంబంధించిన వీడియో ఏదైనా ఫోనుకు వస్తే చూడవద్దని, ముందుకు పంపవద్దని ఖండితంగా చెప్పండి. బాలలకు సంబంధించినదైతే దాచుకోవడం, పంపడం కూడా నేరమే.

కోర్సు చివరి వారంలో విభాగం యూట్యూబ్ ఛానెల్, విద్యార్థులు నడిపే ల్యాబ్ పత్రిక వెబ్‌సైటు పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయో చూడండి. బ్యాచి వెళ్లిపోతే అవీ వాళ్లతోనే పోతాయి. రెండేళ్ల తర్వాత, వార్తలో వచ్చిన స్త్రీ ఫోన్ చేసి ‘పెళ్లి కుదిరింది, అది తీసేయండి’ అంటే ఎవరు, ఎంతసేపట్లో తీస్తారో, సెర్చిలో మిగిలిన పాత కాపీ తొలగించమని ఎవరు అడుగుతారో ఒక కాగితం మీద రాసి విభాగాధిపతి గదిలో పెట్టండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన పీడీఎఫ్ మాత్రం వెనక్కి రాదు కనుక, ల్యాబ్ పత్రిక పంపే ముందు క్రైం పేజీ ఒక్కటైనా మీరే చదవండి.